నేటి యూదుల జీవనం, పండుగలు, కట్టుబాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగువారిలో ఎక్కువమందికి యూదులు బైబిలు ద్వారానో, ఇజ్రాయెల్ వార్తల ద్వారానో తెలుసు. న్యూజెర్సీలోనో లండన్‌లోనో పక్కింట్లో ఉండే యూదు కుటుంబం గురించి, చలికాలంలో శుక్రవారం మధ్యాహ్నమే ఆఫీసు నుంచి బయలుదేరే సహోద్యోగి గురించి ఆ రెండూ పెద్దగా చెప్పవు. అటువంటి పరిచయాలు ఉన్నవారికి సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

బైబిలులో చదివిన మతమే ఇప్పటికీ నడుస్తోందా?

మూలం అదే, నడక వేరు. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం జెరూసలేం దేవాలయాన్ని నేలమట్టం చేసిన తరువాత బలులు, యాజకుల సేవ ఆగిపోయాయి. దేవాలయం లేకుండా మతాన్ని నిలబెట్టే బాధ్యత రబ్బీల మీద, అంటే మతపండితుల మీద పడింది. బలిపీఠం దగ్గర జరిగిన దానికి బదులుగా వారు ప్రార్థనను, శాస్త్ర పఠనాన్ని, ఇంట్లో కలిసి చేసే భోజనాన్ని నిలిపారు. సుమారు క్రీ.శ. 200 నాటికి మిష్నా అనే నియమాల సంకలనం, ఆ తరువాతి శతాబ్దాలలో దాని మీది చర్చల గ్రంథమైన తాల్ముద్ రూపు దిద్దుకున్నాయి. నేటి యూదులు పాటించే నియమాలలో అధిక భాగానికి ఆకరం ఈ గ్రంథాల చర్చలే కనుక, మోషే ధర్మశాస్త్రం చదివినంత మాత్రాన నేటి యూదు ఇల్లు అర్థం కాదు.

ఇంకొక సంగతి కూడా మొదటే చెప్పాలి. దేవుడున్నాడా అన్న విషయంలో సందేహం ఉన్నవారు సైతం పస్కా పండుగ రాత్రి కుటుంబంతో కూర్చోవడం, తండ్రి సంస్మరణ దినాన దీపం పెట్టడం యూదులలో సర్వసాధారణం. ఏమి నమ్ముతున్నావన్న దానికంటే ఏమి చేస్తున్నావు, ఎవరితో కలిసి చేస్తున్నావు అన్నదే అక్కడ ఎక్కువగా లెక్కకు వస్తుంది. కొన్ని ప్రధాన ప్రార్థనలు కనీసం పదిమంది కూడితేనే చేయాలన్న నియమం ఇందుకు మంచి నిదర్శనం. ఎంతటి పండితుడైనా ఒంటరిగా వాటిని చదవడానికి వీలులేదు.

ప్రపంచంలో యూదులు ఎంతమంది ఉన్నారు?

ఒకటిన్నర కోట్లకు కొంచెం పైన. అందులో అత్యధికులు ఇజ్రాయెల్, అమెరికాలలోనే ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు వారి సంఖ్య 1.65 కోట్ల దాకా ఉండేది. నాజీలు సుమారు 60 లక్షల మందిని చంపివేశారు. ఎనిమిది దశాబ్దాలు గడిచినా ఆనాటి సంఖ్యకు ఆ సమాజం ఇంకా చేరుకోలేదు.

అందరూ ఒకే విధంగా ఆచరిస్తారా?

ఆచరించరు. ఆర్థడాక్స్ శాఖవారు శాస్త్ర నియమాలను మార్పులేని కట్టుబాటుగా భావిస్తారు. కన్సర్వేటివ్ శాఖ ఆ నియమాలను గౌరవిస్తూనే కాలానుగుణంగా వ్యాఖ్యానిస్తుంది. రిఫార్మ్ శాఖ నైతిక బోధకు, వ్యక్తి విచక్షణకు పెద్దపీట వేస్తుంది. 2020లో అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థ జరిపిన సర్వేలో తమను తాము రిఫార్మ్ అని చెప్పుకున్నవారు 37 శాతం, కన్సర్వేటివ్ 17 శాతం, ఆర్థడాక్స్ 9 శాతం కాగా, ఏ శాఖకూ చెందమన్నవారు 32 శాతం ఉన్నారు. కాబట్టి నల్లకోటు, టోపీ, పొడుగాటి చెంపజుట్టు ఉన్న చిత్రాన్ని చూసి యూదులందరూ అంతే అనుకోవడం సరికాదు.

శుక్రవారం సాయంత్రం నుంచి వారు ఫోను ఎందుకు తీయరు?

షబ్బాత్ వల్ల. తెలుగు బైబిలు పాఠకులకు ఇది విశ్రాంతి దినంగా పరిచితం. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు మొదలై శనివారం రాత్రి నక్షత్రాలు కనిపించే వరకు ఇది సాగుతుంది. ఆ రోజు చేయకూడని పనులను మిష్నా 39 రకాలుగా విభజించింది: నిప్పు రాజేయడం, రాయడం, కుట్టడం, దున్నడం మొదలైనవి. విద్యుత్తు వచ్చిన తరువాత స్విచ్ వేయడం, ఫోను వాడడం, కారు నడపడం కూడా ఈ పరిధిలోకి వస్తాయని ఆర్థడాక్స్ పండితులు తేల్చారు. రిఫార్మ్ కుటుంబాలలో ఈ నిషేధాలు అంతగా ఉండవు. కొందరు దీపాలు వెలిగించి భోజనం చేసి అంతటితో సరిపెట్టుకుంటారు.

నియమాలు పాటించే ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం చూడవలసిందే. ఇల్లు తుడిచి, పిల్లలకు స్నానాలు చేయించి, మర్నాటి వంట కూడా ముందే ముగించి, మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ కలిపిన కూరను సన్నని సెగ మీద రాత్రంతా ఉడకడానికి వదిలేస్తారు. దీపాలు ఏ వేళకు ఆరాలో టైమర్‌కు చెప్పి ఉంచుతారు. అస్తమయానికి సాధారణంగా 18 నిమిషాల ముందు, ఎక్కువగా ఇంటి ఇల్లాలు, కొవ్వొత్తులు వెలిగించి కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని ఆశీర్వచనం చదువుతుంది. ఆ క్షణం నుంచి హడావిడి ఆగిపోతుంది. ద్రాక్షారసం మీద ప్రార్థన, పిల్లల తల మీద చేయి ఉంచి దీవెన, గుడ్డ కప్పిన రెండు జడల రొట్టెలు, తరువాత పాటలతో తీరికగా సాగే భోజనం. ఎడారిలో దేవుడు కురిపించిన మన్నా అనే ఆహారం శుక్రవారం నాడు రెట్టింపు కురిసిందన్న కథనానికి గుర్తుగా రొట్టెలు రెండు ఉంటాయి.

బహిరంగ ప్రదేశంలో వస్తువు మోయకూడదన్న నియమం చిన్నపిల్లల తల్లులకు ఇబ్బంది కనుక, అనేక పట్టణాలలో స్తంభాల మీదుగా సన్నని తీగ కట్టి ఒక ప్రాంతం మొత్తాన్ని ఉమ్మడి ప్రాంగణంగా పరిగణిస్తారు. మన్‌హటన్ దీవిలో అధిక భాగం చుట్టూ ఇటువంటి తీగ ఉంది. అది ఎక్కడైనా తెగిందేమోనని వారం వారం తనిఖీ చేస్తారు. బయటివారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. తల్లి బిడ్డను బండిలో కూర్చోబెట్టుకుని ప్రార్థనకు రాగలగడానికి కారణం ఆ తీగే అన్నది కూడా చూడాలి. ప్రాణాపాయం ఏర్పడితే మాత్రం ఈ నియమాలన్నీ పక్కకు తప్పుకుంటాయి. రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి కారు నడపడం ఆర్థడాక్స్ మతంలోనూ తప్పు కాదు, విధి.

పండుగల తేదీలు ఏటా ఎందుకు మారుతూ ఉంటాయి?

ఈ ప్రశ్నకు తెలుగువారికి సమాధానం చెప్పడం సులభం, ఎందుకంటే వారి పంచాంగం కూడా మన పంచాంగంలాగా చాంద్రసౌరమానమే. అమావాస్య గడిచాక నెల మొదలవుతుంది. రుతువులతో లెక్క తప్పకుండా అప్పుడప్పుడు ఒక అధికమాసం చేరుతుంది. మన పద్ధతిలో సంక్రమణం లేని చాంద్రమాసం ఏదైతే అదే అధికమవుతుంది. వారి పద్ధతిలో 19 ఏళ్ళకు 7 సార్లు, ఎప్పుడూ అదార్ నెల దగ్గరే అధికం వస్తుంది. 2022లో సెప్టెంబరు 26న, 2024లో అక్టోబరు 3న యూదుల నూతన సంవత్సరం రోష్ హషానా, మన దేవీ నవరాత్రుల తొలి రోజు కలిసి వచ్చాయి. నడుమ 2023లో మనకు శ్రావణం అధికమాసం కావడంతో రెండింటి మధ్య నెల రోజుల దూరం ఏర్పడింది. అయితే యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక, క్యాలెండరులో పండుగ అని ఉన్న తేదీకి ముందు సాయంత్రమే అది ఆరంభమవుతుందని గుర్తుంచుకోవాలి. మీటింగులు పెట్టే మేనేజర్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

నూతన సంవత్సరానికి, ప్రాయశ్చిత్త దినానికి సంబంధం ఏమిటి?

రోష్ హషానా నుంచి పదవ రోజు యోమ్ కిప్పూర్, అంటే ప్రాయశ్చిత్త దినం. నూతన సంవత్సరాన సినగాగులో, అంటే ప్రార్థనామందిరంలో, పొట్టేలు కొమ్ముతో చేసిన షోఫార్ ఊదుతారు, ఇంట్లో యాపిల్ ముక్కను తేనెలో ముంచి తింటారు. పండుగే అయినా ఆనందం కంటే ఆత్మపరిశీలనకే ప్రాధాన్యం.

ఆ పది రోజులలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే అంశం క్షమాపణకు సంబంధించిన నియమం. దేవుని పట్ల చేసిన తప్పులు యోమ్ కిప్పూర్ ఉపవాసంతో, ప్రార్థనతో మాసిపోవచ్చునని, సాటి మనిషికి చేసిన అపకారం మాత్రం ఆ మనిషిని సమాధానపరచే వరకు మాసిపోదని మిష్నా స్పష్టంగా చెప్పింది. కనుక ఉపవాసానికి ముందే అప్పు ఎగవేసినవాడు అప్పు తీర్చాలి, మాట తూలినవాడు ఎదుటివాని గుమ్మం ఎక్కాలి. పన్నెండవ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దీనికి హద్దు కూడా పెట్టాడు. మూడుసార్లు వెళ్ళి నిజాయితీగా వేడుకున్నా క్షమించకపోతే దోషం క్షమించనివానిదే అవుతుంది. ఇప్పుడు చాలామంది అందరికీ కలిపి ఒక వాట్సాప్ సందేశం పంపి ఊరుకుంటున్నారని రబ్బీలు విసుక్కోవడం మామూలే. ఆ విసుగులో న్యాయం ఉంది.

ఉపవాసం సుమారు 25 గంటలు. మంచినీళ్ళు కూడా ముట్టరు. తోలు చెప్పులు వేసుకోరు, అనేకులు తెల్లబట్టలు కడతారు. ఇజ్రాయెల్‌లో ఆ రోజు రోడ్లు దాదాపు ఖాళీ అవుతాయి. మతాచారాలు పట్టని కుటుంబాల పిల్లలు హైవేల మీద సైకిళ్ళు తొక్కుతూ కనిపిస్తారు. 1973లో ఈజిప్టు, సిరియా దాడి ప్రారంభించింది ఈ దినానే.

హనుక్కా యూదుల దీపావళి అనవచ్చునా?

దీపాలున్నాయి కాబట్టి అలా అనేస్తారు కానీ, అది పెద్ద పండుగ కాదు. క్రీ.పూ. రెండవ శతాబ్దంలో గ్రీకు పాలకుల మీద మక్కబీయులనే యూదు వీరులు తిరగబడి జెరూసలేం దేవాలయాన్ని శుద్ధి చేసిన ఘట్టానికి అది గుర్తు. అమెరికాలో క్రిస్మస్ రోజుల్లో రావడం వల్లనే దానికి అంత ప్రచారం వచ్చింది. తొలి రాత్రి ఒకటి, ఎనిమిదవ రాత్రి ఎనిమిది చొప్పున దీపాలు పెంచుతూ పోతారు. ఎనిమిదితో మొదలుపెట్టి తగ్గిస్తూ రావాలని ప్రాచీన పండితుడు షమ్మాయ్ వర్గం, పెంచుతూ పోవాలని అతని సమకాలికుడు హిల్లెల్ వర్గం వాదించాయి. హిల్లెల్ మాట నిలిచింది, ఓడిన వాదాన్ని కూడా తాల్ముద్ భద్రంగా దాచింది.

దీపాన్ని వీధిలోకి కనిపించేలా కిటికీలో పెట్టాలి. ప్రమాదకర సమయంలో మాత్రం ఇంటి లోపల బల్ల మీద పెట్టుకుంటే చాలునని తాల్ముద్ ఆనాడే మినహాయింపు ఇచ్చింది. యూరప్‌లో కొన్ని చోట్ల ఈ మినహాయింపు గురించి ఇళ్ళలో మళ్ళీ మాట్లాడుకుంటున్నారు.

పస్కా వారంలో యూదు మిత్రులకు ఇడ్లీ పెట్టవచ్చునా?

చిన్నగా కనిపించే ఈ ప్రశ్నలో యూదు సమాజపు వైవిధ్యమంతా ఉంది. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి హడావిడిగా బయలుదేరినప్పుడు పిండి పులియడానికి వేళ లేకపోయిందని గ్రంథం చెబుతుంది. అందుచేత పస్కా వారంలో గోధుమ, బార్లీ వంటి అయిదు ధాన్యాలతో చేసిన పులిసిన పదార్థమేదీ తినడమే కాదు, ఇంట్లో ఉంచడం కూడా నిషిద్ధం. పులియని మాట్జా రొట్టెను పిండికి నీరు తగిలిన 18 నిమిషాలలోపు కాల్చి తీయాలి.

బియ్యం, మినుములు ఆ అయిదు ధాన్యాలలో లేవు. కనుక మూలశాస్త్రం ప్రకారం ఇడ్లీ పిండి ఎంత పులిసినా దోషం లేదు. కానీ మధ్య, తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు మధ్యయుగాల నుంచి ముందుజాగ్రత్తగా బియ్యం, పప్పులు, ఆవాలు, నువ్వులు కూడా మానేశారు. స్పెయిన్, మధ్యప్రాచ్య మూలాలున్న సెఫార్డీ, మిజ్రాహీ కుటుంబాలలో అనేకులు, భారతీయ యూదులు అన్నం తింటూనే వచ్చారు. అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ 2015లో ఈ పాత నిషేధాన్ని సడలించింది. కాబట్టి సమాధానం మీ మిత్రుని తాతముత్తాతలు ఎక్కడివారన్న దాని మీద ఆధారపడుతుంది. ఉప్మా రవ్వ గోధుమది కనుక ఎవరికీ పనికిరాదు. మన దుకాణాలలో దొరికే పొడి ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుస్తుంది కనుక సాంబారు కూడా అనుమానమే.

పండుగకు ముందు రాత్రి కొవ్వొత్తి, ఈక పట్టుకుని అలమరల మూలల్లో రొట్టె తునకలు వెతకడం పిల్లలకు సరదా. పారేయడానికి వీలుకాని సరుకును రబ్బీ ద్వారా యూదేతరునికి చట్టబద్ధంగా అమ్మి, పండుగ తరువాత తిరిగి కొంటారు. ఇజ్రాయెల్ ప్రభుత్వ గోదాములలోని ధాన్యాన్ని అనేక ఏళ్ళపాటు ఈ విధంగా కొన్నది అబూ ఘోష్ గ్రామానికి చెందిన ఒక అరబ్బు.

పండుగ రాత్రి భోజనాన్ని సెడెర్ అంటారు. ఇంట్లో అందరికంటే చిన్నవారు లేచి, ఈ రాత్రి మిగిలిన రాత్రులకంటే ఎందుకు భిన్నంగా ఉందని ప్రశ్నిస్తారు. పెద్దలు జవాబుగా విమోచన కథ మొత్తం చెబుతారు. చేదు దుంపను కొరికినప్పుడు పిల్లల కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. బానిసత్వం ఎటువంటిదో చెప్పడానికి అంతకుమించిన వివరణ అక్కరలేదు.

మిగిలిన ముఖ్యమైన పండుగలు ఏవి?

సుక్కోత్, అంటే పర్ణశాలల పండుగ, యోమ్ కిప్పూర్ తరువాత అయిదవ రోజున మొదలవుతుంది. పెరట్లోనో బాల్కనీలోనో ఆకులు, కొమ్మలతో కప్పు వేసిన పందిరి కట్టి వారం పాటు అందులో భోంచేస్తారు. సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం అందినందుకు చేసుకునే షవూత్ నాడు రాత్రంతా మేలుకొని గ్రంథాలు చదువుతారు, పాల వంటకాలు తింటారు. పూరీమ్ నాడు ఎస్తేరు గ్రంథం చదువుతూ, యూదులను నాశనం చేయజూసిన హామాను పేరు వినిపించినప్పుడల్లా గిలకలు తిప్పి గోల చేస్తారు. ఆ గ్రంథం మొదటి వాక్యంలోనే హిందూదేశం ప్రస్తావన ఉంది. ఆ రోజు స్నేహితునికి తినుబండారాలు పంపడం, కనీసం ఇద్దరు పేదలకు దానం ఇవ్వడం విధి.

భోజనానికి పిలిస్తే ఏమి వండాలి?

ముందుగా అడగాలి. కోషర్, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం పంది మాంసం, రొయ్యలు, పీతలు నిషిద్ధం. పొలుసులు, రెక్కలు రెండూ ఉన్న చేపలు తినవచ్చు కనుక పులసకు అభ్యంతరం లేదు. మాంసాన్ని, పాల పదార్థాలను కలిపి వండరు, కలిపి తినరు; రెండింటికీ వేర్వేరు గిన్నెలు ఉంటాయి. శాకాహారం వండితే సరిపోతుందని మనం అనుకుంటాము, కానీ గట్టిగా పాటించేవారు పాత్ర ఏ ఇంటిదన్నది కూడా చూస్తారు. అటువంటివారికి కోయని పండ్లు, కోషర్ ముద్ర ఉన్న ప్యాకెట్ తినుబండారాలు, కాగితపు పళ్ళేలు ఉత్తమం. న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలో కోషర్ ధ్రువపత్రం గోడకు తగిలించుకున్న దోసె హోటళ్ళు నడిచాయి. మాంసం అసలే లేని వంటశాల రెండు సమాజాలకూ అనుకూలించింది.

దానం గురించి వారి దృష్టి ఎటువంటిది?

దానం ఇచ్చేవాని దయగా కాక, పేదవానికి రావలసిన బాకీగా పరిగణిస్తారు. దానం పుచ్చుకునే పేదవాడు సైతం తనకు చేతనైనంత ఇంకొకరికి ఇవ్వాలి. మైమోనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించాడు. అయిష్టంగా ఇవ్వడం అట్టడుగు మెట్టు. ఇచ్చినవారెవరో, పుచ్చుకున్నవారెవరో పరస్పరం తెలియని దానం చాలా పైన ఉంటుంది. అన్నిటికంటే పైమెట్టు మాత్రం అప్పు ఇచ్చో, పని చూపించో, వ్యాపారంలో భాగస్వామిగా చేర్చుకునో మనిషిని మళ్ళీ చేయి చాచకుండా నిలబెట్టడం. 1892లో న్యూయార్క్‌లో మొదలైన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ నేటికీ వడ్డీ లేని అప్పులు ఇస్తోంది. పుచ్చుకునేవారు యూదులే కానవసరం లేదు.

పరిచయస్థుల ఇంట్లో మరణం సంభవిస్తే ఎలా మెలగాలి?

ఖననం వీలైనంత త్వరగా, ధనికులకూ పేదలకూ ఒకే రకం సాదా తెల్లబట్టలో జరుగుతుంది. శవానికి స్నానం చేయించి సిద్ధం చేసేది చాలా చోట్ల సమాజంలోని స్వచ్ఛంద సేవకులే. తరువాత ఏడు రోజులు దగ్గరి బంధువులు ఇంట్లోనే ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. అద్దాలకు గుడ్డ కప్పుతారు. తొలి భోజనం పొరుగువారే తేవాలి, అందులో గుడ్లు, పప్పు ఉండడం ఆనవాయితీ.

వెళ్ళినవారు తామే మాట అందుకోకూడదు. దుఃఖంలో ఉన్నవారు మాట్లాడేవరకు మౌనంగా కూర్చోవాలి. వారు మాట్లాడకపోతే అలాగే కూర్చుని లేచి రావచ్చు. "ఎలా జరిగింది, ఏ ఆసుపత్రిలో చేర్చారు" అని గుమ్మంలోనే మొదలుపెట్టే అలవాటు మనలో ఉంది కనుక ఈ నియమాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పూలు తీసుకువెళ్ళే ఆచారం లేదు. సమాధి మీద కూడా చిన్న రాయి ఉంచుతారు.

స్త్రీల స్థానం, మతాంతర వివాహాల విషయంలో ఏకాభిప్రాయం ఉందా?

లేదు, వాదన నడుస్తూనే ఉంది. 1935లో జర్మనీలో రెజీనా యోనాస్ తొలి మహిళా రబ్బీ అయ్యారు; 1944లో ఆమెను నాజీల ఆష్విట్జ్ మరణశిబిరంలో చంపారు. అమెరికాలో రిఫార్మ్ శాఖ 1972లో, కన్సర్వేటివ్ శాఖ 1985లో స్త్రీలను రబ్బీలుగా అంగీకరించాయి. ఆర్థడాక్స్ శాఖలో అధికులు నేటికీ ఒప్పుకోరు. పైన చెప్పిన ప్యూ సర్వే ప్రకారం అమెరికాలో 2010 తరువాత పెళ్ళి చేసుకున్న యూదులలో 61 శాతం మంది యూదేతరులను చేసుకున్నారు. తల్లి యూదు అయితేనే బిడ్డ యూదు అన్నది సంప్రదాయం. బిడ్డను యూదుగా పెంచితే తండ్రి వైపు నుంచైనా చాలునని రిఫార్మ్ శాఖ 1983లో తీర్మానించింది.

సినగాగుల ముందు కాపలా ఎందుకు ఉంటుంది?

2008 నవంబరులో ముంబయిలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్‌లో రబ్బీ దంపతులతో సహా ఆరుగురు హతమయ్యారు. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ సినగాగులో శనివారం ప్రార్థనకు వచ్చిన 11 మందిని ఒక దుండగుడు కాల్చిచంపాడు. 2023 అక్టోబరు 7న, తోరా (మోషే ధర్మశాస్త్రం) పారాయణం పూర్తయి నాట్యం చేసే సిమ్హాత్ తోరా పండుగ నాడు, హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మంది బందీలయ్యారు. ఆ తరువాతి యుద్ధంలో గాజాలో పదుల వేల మంది పాలస్తీనీయులు మరణించారు. ఈ యుద్ధం గురించి యూదులలోనే తీవ్రమైన భేదాభిప్రాయాలు ఉన్నాయి. ఒకే కుటుంబంలో తరాల మధ్య మాటలు ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఒక దేశ ప్రభుత్వ నిర్ణయాలకు పక్కింటి యూదును సంజాయిషీ అడగడం సభ్యత కాదు.

భారతదేశంలో, తెలుగు నేల మీద యూదులు ఉన్నారా?

ఉన్నారు, కొన్ని వేల మంది. కొంకణ తీరపు బెనే ఇజ్రాయెల్ నూనె గానుగలు ఆడుతూ శనివారం పని మానేవారు కాబట్టి వారిని శనివార్ తేలీలు అనేవారు. కొచ్చి మట్టాంచేరిలో 1568 నాటి పరదేశీ సినగాగు నేటికీ నిలిచి ఉంది. బాగ్దాదీ యూదులు ముంబయి, కోల్‌కతాలలో వ్యాపారాలు నెలకొల్పారు. 1948 తరువాత ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. యూదులన్న కారణంగా వేధింపులు దాదాపు ఎరగని దేశం నుంచి వెళ్ళిన వారు అక్కడ మాత్రం తమ యూదుత్వాన్ని ప్రశ్నించిన మతాధికారులతో పోరాడవలసి వచ్చింది. 1964లో ఇజ్రాయెల్ పార్లమెంటు బెనే ఇజ్రాయెల్ పక్షాన నిలిచింది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయీమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ నేపథ్యం గల ఈ కుటుంబాలు 1990ల ఆరంభం నుంచి బహిరంగంగా యూదు ఆచారాలు పాటిస్తూ, తాము ప్రాచీన ఇజ్రాయెల్ గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయీము గోత్రపు వారసులమని చెప్పుకుంటున్నాయి. మణిపుర్, మిజోరంలలోని బ్నే మెనాషే అనే సమాజాన్ని 2005లో ఇజ్రాయెల్ సెఫార్డీ ప్రధాన రబ్బీ గుర్తించారు. గుంటూరు వారికి అటువంటి గుర్తింపు రాలేదు. వంశావళి రుజువు చేయలేకపోయారని వారిని కొట్టివేసేవారికి, కులం మోసిన చరిత్ర ఉన్నవారికి కొత్త వంశకథ ఎంత అవసరమో అర్థం కాలేదనే నా అభిప్రాయం. శుక్రవారం సాయంత్రం తెలుగు మాట్లాడే ఇంట్లో షబ్బాత్ దీపం వెలుగుతున్న మాట మాత్రం వాస్తవం.

ఎవరైనా యూదు మతంలో చేరవచ్చునా?

చేరవచ్చు, కానీ ఎవరూ పిలవరు. చాలాకాలం చదువు, ముగ్గురు సభ్యుల మతన్యాయస్థానం ముందు విచారణ, నీటిలో మునక, పురుషులకు సున్నతి ఉంటాయి. చేరినవారిని వారి పూర్వ మతం గుర్తుచేసి నొప్పించడం శాస్త్రనిషిద్ధం.

షబ్బాత్ భోజనానికి పిలుపు వచ్చింది. ఏమి తీసుకువెళ్ళాలి?

కోషర్ ముద్ర ఉన్న ద్రాక్షారసమో, మిఠాయిల పెట్టో చాలు. ఇంట్లో చేసిన పిండివంటలు ప్రేమతో తెచ్చినా వారు తినలేకపోవచ్చు. పూలు తెస్తే అస్తమయానికి ముందే అందించండి. తరువాత వాటిని నీళ్ళలో అమర్చడం కొందరి ఇళ్ళలో కుదరదు. కాలింగ్ బెల్ నొక్కకుండా తలుపు తట్టండి, ఫోను జేబులోనే ఉంచండి, ఫోటోలు తీయవద్దు. స్నానాలగదిలో దీపం వెలుగుతూ ఉంటే అలాగే వదిలేయండి. అలవాటుగా ఆర్పితే మర్నాటి రాత్రి వరకు ఆ ఇంటివారు చీకట్లోనే వెళ్ళవలసి వస్తుంది. గుమ్మంలో "షబ్బాత్ షాలోమ్" అంటే సరిపోతుంది.